ఆరాధన అంటే ఎత్తి కూర్చోబెట్టడమేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది మా చిన్నవాడి వయసే కాబట్టి ఇకనుంచి నువ్వు అంటాను, ఏమీ అనుకోకు బాబూ.

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒక అమ్మాయిని మూడేళ్లుగా ఇష్టపడుతున్నావు. ఇంట్లో పెళ్లి మాటలు కూడా మొదలయ్యాయి. మొన్నొక రోజు ఆమెతో "నాది మామూలు ప్రేమ కాదు, నిన్ను ఆరాధిస్తున్నాను" అన్నావు. మురిసిపోతుందనుకుంటే ముఖం చిన్నబుచ్చుకుని "నన్ను అలా ఎత్తి కూర్చోబెట్టకు, నాకు టెన్షన్‌గా ఉంటుంది" అంది. ఇక నీకు నిద్ర లేదు. అసలు ఆరాధన అంటే ఏమిటి, ప్రేమకీ అభిమానానికీ దానికీ తేడా ఏమిటి, జనం దాన్ని ఎలా చూపిస్తారు, నువ్వు చేసిన తప్పేమిటి అని నీ ప్రశ్న.

నేను ముప్పై మూడేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కోనసీమలో మా ఊరి శివాలయంలో అర్చన మా తాతల నాటి నుంచీ మా ఇంటిదే. పొద్దున్న గుళ్లో, తొమ్మిదిన్నరకి బళ్లో. ఈ మాటని పుస్తకాల్లో చూశాను, రోజూ చేత్తోనూ చేశాను. ఆ ధైర్యంతో రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు మాట సంగతి. సంస్కృతంలో "రాధ్" అనే ధాతువుకి సిద్ధింపజేయడం, నెరవేర్చడం అని అర్థం. దాని ముందు "ఆ" చేరితే ఎదుటివారిని తృప్తిపరచడం, ప్రసన్నం చేసుకోవడం అవుతుంది. పొగడ్త ఊసు అందులో లేదు. ఎత్తులో పెట్టడం కూడా లేదు. ఎదుటివారు తృప్తిపడ్డారా లేదా అన్నదొక్కటే ఉంది. తృప్తి వాళ్లది, పని మనది. వాడుకలోకి వచ్చాక ఈ మాట మెల్లగా మన మనసు వైపు జరిగిపోయింది. ఇప్పుడు "ఆరాధిస్తున్నాను" అంటే "నాలో ఇంత పెద్ద భావం ఉంది చూడు" అని. నీకొచ్చిన చిక్కంతా ఆ జరగడంలోనే ఉందని నాకు అనిపిస్తోంది.

నాకు ఈ సంగతి ఎవరు నేర్పారో చెబుతాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ధనుర్మాసం. నాన్నగారికి జ్వరం వచ్చి ఆ నెలంతా అర్చన నా మీద పడింది. తెల్లవారుజామున నూతి దగ్గర నిలబడి తోడడానికి బద్ధకించి, ముందురాత్రే బిందెలు నింపి గర్భగుడి గుమ్మం పక్కన పెట్టుకునేవాణ్ని. ఒకరోజు అభిషేకంలో చదివే రుద్ర మంత్రం నమకం మొదలుపెట్టి నీళ్లు పోస్తున్నాను. గుడికి వత్తులు చేసి ఇచ్చే ముసలమ్మ ఒకావిడ గడప దగ్గర కూర్చుని ఉంది. "బాబూ, రాత్రి నీళ్లు పోస్తున్నావేమిటి? నూతిలోంచి అప్పుడే తోడినవైతే గోరువెచ్చగా ఉంటాయి కదా. ఆయనకి చలెయ్యదూ?" అంది. నాకు నవ్వొచ్చింది. రాయికి చలేమిటి? నా నమకంలో ఒక్క స్వరం తప్పలేదన్న గర్వం కూడా ఉండేది ఆ రోజుల్లో. ఇంటికొచ్చి నాన్నగారికి తమాషాగా చెప్పాను. ఆయన దుప్పటి తీసి లేచి కూర్చున్నారు. "మంత్రం నా దగ్గర నేర్చుకున్నావు. అర్చన ఆవిడ దగ్గర నేర్చుకో" అన్నారు. మర్నాటి నుంచి నూతి దగ్గరికి వెళ్లాను.

గుళ్లో చేసే షోడశోపచారాలు అంటే జనం ఏదో రహస్యమైన తంతు అనుకుంటారు. వరస చూడు. రమ్మని పిలవడం, కూర్చోమనడం, కాళ్లకి నీళ్లివ్వడం, చేతులకి నీళ్లివ్వడం, నోరు తడుపుకోవడానికి నీళ్లివ్వడం, స్నానం, బట్టలు, జంధ్యం, గంధం, పూలు, ధూపం, దీపం, భోజనం, తాంబూలం, హారతి, చివర ప్రదక్షిణ నమస్కారం. పద్ధతిని బట్టి ఒకటీ అరా అటూ ఇటూ అవుతాయి. మన ఇళ్లలో పెద్దల్లుడు దిగితే జరిగే మర్యాదలకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఎండన పడి వచ్చినవాడికి ముందు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు కావాలి, పద్యాలు తర్వాత. ఈ క్రమం పెట్టినవాళ్లెవరో వచ్చినవాడి ఒళ్లు ఎలా ఉంటుందో ఆలోచించి పెట్టారు. "అలంకార ప్రియో విష్ణుః, అభిషేక ప్రియః శివః" అనే మాట నువ్వు వినే ఉంటావు. ఒకాయనకి నగలూ పూలూ ఇష్టం, ఇంకొకాయనకి నెత్తిన నీళ్లు పడుతుంటే చాలు. దేవుళ్లలోనే ఇద్దరికి ఒకటే నప్పదని మనవాళ్లు ఒప్పేసుకున్నారు.

తిరుమలలో తెల్లవారుజామున సుప్రభాతంతో లేపుతారు, ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై. రాత్రి ఏకాంత సేవలో ఊయల మంచం మీద స్వామి వెండి విగ్రహం భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేస్తారు. ధనుర్మాసంలో ఆ మంచం కృష్ణుడిది. అన్నమాచార్యుల వంశం వాళ్లు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరుతో ముత్యాల హారతి ఇస్తారు. "తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి" అనే నానుడి అక్కడిదే. ఏడుకొండలవాడికి జోలపాట అవసరమా అని తర్కం మొదలుపెడితే రాత్రంతా సాగుతుంది. పాడేవాళ్లు మాత్రం ఆయన నిద్రపోవాలని పాడతారు. అన్నమయ్య 1503లో కాలం చేశాడు. లాలి నేటికీ ఆగలేదు.

ఇప్పుడు నీ తప్పు దగ్గరికి వస్తాను. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ ఒకే శివలింగాన్ని కొలిచాయి. సాలెపురుగు తన దారంతోనే గుడీ గోపురం అల్లింది. ఏనుగూ పాముల కథ నీకు ముఖ్యం. పాము రోజూ ఎక్కడెక్కడివో మణులు తెచ్చి లింగం మీద అలంకరించేది. ఏనుగు వచ్చి ఆ రాళ్లన్నీ తుడిచి పారేసి, తొండంతో నీళ్లు పోసి శుభ్రంగా కడిగి మారేడు దళాలు పెట్టేది. పాము వచ్చి చూస్తే మణులు లేవు, ఎవరో చెత్త ఆకులు వేసిపోయారు. ఏనుగు వచ్చి చూస్తే ఎవరో మళ్లీ రాళ్లు పోశారు. ఇలా సాగి సాగి పాముకి కోపం పట్టలేక ఆకుల్లో దాక్కుని ఏనుగు తొండంలో దూరింది. ఏనుగు నొప్పికి తల కొండకి బాదుకుంది. రెండూ చచ్చిపోయాయి. శివుడు కరుణించి రెండింటికీ మోక్షం ఇచ్చాడు, అది వేరే సంగతి.

ఈ కథని భక్తి గొప్పతనం కోసం చెబుతారు. ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పి చెప్పి నాకు ఇంకోటి కనబడింది. ఆ రెండూ ఒక్కసారి కూడా లింగాన్ని అడగలేదు. పాముకి తన తల మీదుండేది మణి కాబట్టి మణి తెచ్చింది. ఏనుగుకి నీళ్లంటే ప్రాణం కాబట్టి నీళ్లు పోసింది. ఎవరికి ఇష్టమైనది వాళ్లు తెచ్చి, అదే ఆరాధన అన్నారు. నువ్వు ఆ అమ్మాయికి ఏం తెచ్చావో ఒకసారి ఆలోచించుకో. నీకు మాటలంటే ఇష్టమని నీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. నాలుగు లైన్లలో అయిపోయేదాన్ని నలభై లైన్లు రాశావు.

ఆరాధన అంటే కిందనుంచి పైకి చూడడమే అనుకుంటున్నావు కదా, దానికి జవాబుగా మన తెలుగులోనే ఒక కథ ఉంది. పాలకుర్తి వాడు పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన బసవపురాణంలో బెజ్జ మహాదేవి అని ఒకావిడ వస్తుంది. ఆవిడకి ఒక దిగులు పట్టుకుంటుంది. అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదే అని. తల్లే ఉంటే బిడ్డని విషం మింగనిచ్చేదా? పాములు మెడలో వేసుకోనిచ్చేదా? బూడిద పూసుకుని, తోలు కట్టుకుని, శ్మశానాల్లో తిరగనిచ్చేదా? తల్లి లేని పిల్లాడు కాబట్టే ఇలా తయారయ్యాడు అని ఏడ్చి, సరే నేనే తల్లినవుతానని పూనుకుంటుంది. లింగానికి నూనె రాసి నలుగు పెట్టి తలంటి, కాటుక దిద్ది, ఒళ్లో వేసుకుని పాలు పడుతుంది. లోకమంతా పైకి చూసి దండం పెట్టేవాణ్ని ఈవిడ ఒళ్లో పెట్టుకుని కిందికి చూసింది. నిజానికి అందరూ స్తోత్రాలు చేసే గుణాలనే ఈవిడ చూసింది. గరళకంఠుడు, నాగాభరణుడు, శ్మశానవాసి అని మేం రోజూ పొగిడే బిరుదులు వింటే ఆవిడకి కడుపు తరుక్కుపోయింది. మా అర్చకులెవరికీ రాని ఆలోచన అది.

అదే పుస్తకంలో గొడగూచి అనే చిన్నపిల్ల ఉంది. తండ్రి ఊరికి వెళ్తూ రోజూ గుళ్లో శివుడికి పాలు పెట్టమని చెప్పి వెళ్తాడు. పిల్ల పాలు తీసుకెళ్లి పెడుతుంది. శివుడు తాగడు. పిల్ల బతిమాలుతుంది, ఏడుస్తుంది, ఇంట్లో తిడతారని భయపడుతుంది. చివరికి ఆయనే దిగొచ్చి తాగుతాడు. తండ్రి అన్నాళ్లూ పాలు పెట్టి, గిన్నె వెనక్కి తెచ్చేవాడు. తాగాడో లేదో చూడాలన్న ఆలోచనే ఆయనకి లేదు. పిల్లకి అదొక్కటే ఆలోచన.

కొత్త సినిమా విడుదల రోజున హీరో కటౌట్ ఎక్కి బిందెలతో పాలు పోసే కుర్రాళ్లని చూస్తే నాకు గొడగూచి గుర్తొస్తుంది. నేను వాళ్లని వెక్కిరించను. నా చిన్నప్పుడు ఎన్టీ రామారావుగారి కృష్ణుడి క్యాలెండర్ ఉన్న ఇళ్లు మా వీధిలోనే చాలా ఉండేవి. తిరుపతి యాత్రకి వెళ్లిన బస్సులు అటునుంచి మద్రాసు వెళ్లి, పొద్దున్నే ఆయన ఇంటి ముందు ఆగేవి. ఆయన బయటికొచ్చి కనబడేవారు. అప్పుడుగాని యాత్ర పూర్తయినట్టు కాదు. మా పెద్దమ్మ అలా చూసొచ్చినవాళ్లలో ఒకావిడ. ఏం మాట్లాడావు అంటే "ఏం మాట్లాడతానురా, చూశాను" అనేది. అది అభిమానం, ముదిరి ఆరాధన అంచు దాకా వెళ్లింది. పాలాభిషేకం దగ్గర మాత్రం నాకు మనసొప్పదు. కిందికి కారిపోయే ఆ పాలు ఆ హీరోకి చేరవు, ఆయనకి కావాలా వద్దా అని పోసేవాడికి పట్టింపు లేదు. పక్కవాడి హీరోకి పోసినదాని కంటే ఒక బిందె ఎక్కువ పోశామా లేదా అన్నదే లెక్క.

ప్రేమకీ అభిమానానికీ గౌరవానికీ దీనికీ గీత గియ్యమన్నావు. నిఘంటువు గీసినంత తిన్నగా నేను గియ్యలేను. వాడుకలో చూస్తే, అభిమానానికి పరిచయం అక్కర్లేదు, ఎప్పుడూ కలవని క్రికెటర్ని అభిమానించవచ్చు. గౌరవంలో భయం పాలు కొంత ఉంటుంది. ప్రేమ తిరిగి ప్రేమని అడుగుతుంది, అడగడం న్యాయమే. ఆరాధనలో ఈ మూడూ కలిసే ఉంటాయి, పైన ఇంకోటి ఉంటుంది: ఎదుటివారి వేళలు, ఆకలి, అలసట తెలుసుకుని మన రోజుని దానికి తగ్గట్టు మార్చుకోవడం. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ తెల్లవారి నాలుగున్నర తర్వాత పడుకోలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, మా స్వామి లేచే వేళ అది.

చూపించే తీరులు మన జనంలో ఎన్ని రకాలో. అన్నీ దండాలూ దస్కాలూ కావు. భద్రాచలం రామదాసుని చూడు. కంచర్ల గోపన్న తానీషా కొలువులో తహసీల్దారు. పన్ను సొమ్ముతో రాముడికి గుడి కట్టి గోల్కొండ కోటలో ఖైదులో పడ్డాడు. అక్కడ కూర్చుని నీకు ఈ పతకం చేయించాను, సీతమ్మకి ఈ నగ చేయించాను, ఇంత ఖర్చయింది, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావు అని దేవుణ్ని కడిగేశాడు. తర్వాత దెబ్బల బాధ ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని తనే బతిమాలుకున్నాడు. అంత చనువు ఉన్నచోటే అలా తిట్టగలం. నీ స్నేహితురాలు నిన్ను ఎప్పుడైనా గట్టిగా తిట్టిందా? తిట్టి ఉంటే సంతోషించు. నువ్వు ఆమెని ఒక్కసారీ విసుక్కోలేదని గర్వంగా రాశావు, అది నాకు అంత గొప్పగా అనిపించలేదు.

దేవుని కడపలో ఉగాది రోజున ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, కాబట్టి స్వామి తమ ఇంటి అల్లుడు అని. అల్లుడికి పండగ మర్యాద చెయ్యకుండా ఎలా ఉంటాం? దేవుణ్ని చుట్టరికంలోకి లాక్కోవడం కూడా ఒక తీరు. తెలంగాణలో బతుకమ్మ దగ్గరికి వస్తే వరసే తలకిందులు. అన్నిచోట్లా పూలు తెచ్చి దేవతకి పెడతారు, అక్కడ తంగేడు, గునుగు పూలని పేర్చి ఆ పూలనే దేవత అంటారు.

మా పక్క జగ్గన్నతోటలో కనుమ నాడు ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగుబట్టలతో అలంకరించి భుజాల మీద మోసే కట్టడాలు, వస్తాయి. దారిలో వరిచేలు అడ్డం, కౌశిక కాలవ అడ్డం. ప్రభని దించరు, దారి మళ్లించరు. "శరభా శరభా" అంటూ మోసేవాళ్లు గుండెల్లోతు నీళ్లలో దిగి దాటిస్తారు. పచ్చని చేలు తొక్కుకుంటూ పోతారు. చేను ఎవరిదో వాడు గట్టు మీద నిలబడి చేతులు జోడిస్తాడు. మామూలు రోజుల్లో పక్కవాడి గేదె రెండు దుబ్బులు తింటే పంచాయితీ పెట్టే మనిషే. నేను కుర్రప్పుడు ఒకసారి భుజం పట్టాను. మూడు రోజులు ఆ భుజం లేవలేదు.

మా గోదావరి వాళ్లకి ఇంకో ఆరాధ్యుడు ఉన్నాడు, ఆయన దేవుడు కాదు, మన దేశంవాడు కూడా కాదు. సర్ ఆర్థర్ కాటన్. 1830ల్లో కరువులు, 1839లో కోరంగి తుఫాను ఈ డెల్టాని ఊడ్చేశాయి. గోదావరి నిండుగా పారుతున్నా నీళ్లు సముద్రంలోకి పోయేవి. కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. మా తాత ముత్తాతలు తిన్న అన్నం ఆ కాలవల్లో నీళ్లు వచ్చాకే. ఊరూరా విగ్రహాలు పెట్టారు, మే 15న ఆయన పుట్టినరోజుకి రైతులు దండలేస్తారు. దానికంటే నాకు గొప్పగా తోచేది ఒకటుంది. గోదావరిలో రోజూ స్నానం చేసే భాగ్యం ఇచ్చిన ఆంగ్లదేశపు భగీరథుడు కాటన్‌ని తలుచుకుంటున్నాను అని ఒక సంస్కృత శ్లోకం ఉంది. నీళ్లలో నిలబడి సంకల్పం చెప్పుకునే మా వేదపండితులు, ఘనాపాఠీలు కూడా అది చదవడం నేను చెవులారా విన్నాను. సముద్రం దాటితే ప్రాయశ్చిత్తం చేసుకోమనే కుటుంబాల్లోవాళ్లు వాళ్లు!

అన్నిట్లోకీ నా మనసుకి పట్టిన మనిషి బెంగళూరు నాగరత్నమ్మగారు. పేరులో బెంగళూరు ఉన్నా పుట్టింది నంజనగూడు దగ్గర, 1878లో. దేవదాసి కుటుంబం. మద్రాసులో పాటకత్తెగా బాగా సంపాదించింది. ఆవిడ జీవితమంతా పాడింది త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు. ఆయన 1847లో తిరువయ్యారులో కావేరి ఒడ్డున సమాధి అయ్యాడు. ఆ సమాధి పాడుబడి ఉందని ఆవిడకి కబురు అందింది. వెళ్లి, ఆ చోటు సంపాదించి, తన డబ్బుతో గుడి కట్టించింది. 1921లో పునాది, 1925లో కుంభాభిషేకం. అయితే అక్కడ ఏటా జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదని అప్పటి పెద్దల పట్టు. గుడి కట్టించినావిడకే ఆ గుడి ముందు పాడే వీలు లేదు! ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్లని పోగుచేసి, గుడి వెనక వైపు వేరే ఆరాధన పెట్టి పాడించింది. చివరికి 1940 దాటే సరికి అన్ని వర్గాలూ కలిశాయి, ఇప్పుడు ఆడామగా అందరూ కూర్చుని పంచరత్న కీర్తనలు కలిసి పాడతారు. ఆవిడ ఆఖరి రోజులు తిరువయ్యారులోనే గడిపి 1952లో పోయింది. ఆవిడ విగ్రహం స్వామి సమాధి వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. నేను 2004లో వెళ్లి చూశాను. లోపలికి వెళ్లేటప్పుడు దాన్ని దాటిపోయాను, తిరిగొచ్చేటప్పుడు మాత్రం అరగంట అక్కడే ఉండిపోయాను.

ఒక చిన్న మాట. త్యాగరాజస్వామి తిథిని ఆరాధన అని ఎందుకంటారో చాలామందికి తెలియదు. ఆయన చివరిలో సన్యాసం పుచ్చుకున్నాడు. సన్యాసికి తద్దినం పెట్టరు. ఆ తిథి నాడు జరిపేదాన్ని ఆరాధన అంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామికి శ్రావణంలో పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని మూడు రోజులు జరిగేదీ అందుకే.

మా బళ్లో పనిచేసిన క్రైస్తవ మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం "ఆరాధనకి వెళ్లాలి" అని తొందరపడేవాడు. వాళ్లకి చర్చిలో కూడిక పేరే ఆరాధన. అది దేవుడికి తప్ప మనిషికి చెల్లదు, పునీతులకి కూడా గౌరవమే చెల్లుతుంది అని ఆయన నాకు ఓపికగా చెప్పేవాడు. మా ముస్లిం మిత్రులూ అంతే, నుదురు నేలకి ఆనించి చేసే సజ్దా అల్లాకి తప్ప ఎవరికీ చెయ్యరు. నువ్వు ఆ అమ్మాయి ఇంటి నేపథ్యం రాయలేదు. ఒకవేళ ఆమె అలాంటి ఇంట్లో పెరిగి ఉంటే నీ మాట ఆమెకి పొగడ్తగా కాక తప్పుగా వినబడి ఉండొచ్చు. అదీ కనుక్కో.

నా సొంత తప్పు కూడా ఒకటి చెప్పాలి. నాకు ఛందస్సు నేర్పిన గురువుగారు ఒకరు ఉండేవారు. మేం పాత శిష్యులం పాతికమంది ఏటా గురుపూజోత్సవం నాడు ఆయనకి సన్మానం చేసేవాళ్లం. శాలువా, పూలదండ, ఫ్రేము కట్టించిన అభినందన పత్రం. అందులో సీస పద్యాలు నేనే రాసేవాణ్ని. ఆయన్ని సరస్వతీపుత్రుడన్నాను, నడిచే నిఘంటువన్నాను. ఒక ఏడు ఆహ్వానించడానికి ఇంటికి వెళ్లాను. బీరువా తలుపు తెరిచి ఉంది, నిండా శాలువాలే, కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. ఆయన మెల్లగా అడిగారు: "పద్యాలు చదువుతావు కదరా వేదిక మీద. దాని బదులు పోతనగారి గజేంద్ర మోక్షం ఒక్కసారి చదివిపెడతావా? విని రెండేళ్లయింది." నీటికాసులతో ఆయనకి చూపు పోయి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లూ మేం ఆయన మెడలో దండలేసి ఫొటోలు దిగాం. అభినందన పత్రం ఫ్రేము ఆయన చేతికిచ్చి "చూడండి గురువుగారూ" అన్నాం కూడా.

ఆ రోజు చదివాను. తర్వాత ప్రతి ఆదివారం సైకిల్ మీద తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి చదివాను, ఆయన పోయేదాకా, నాలుగేళ్లు. సన్మానాలు ఆపేశాం. ఆయన వింటూ వింటూ నా నోట్లో "శ" సరిగా పలకట్లేదని మళ్లీ మళ్లీ అనిపించేవారు, యాభై ఏళ్ల మాస్టార్ని చిన్నపిల్లాణ్ని చేసి. వేదిక మీద పద్యాలు విన్నప్పుడు ఏనాడూ ఆయన ముఖంలో ఆ వెలుగు చూడలేదు.

ఇక నీ సంగతి. ఆ అమ్మాయి "టెన్షన్‌గా ఉంటుంది" అన్నదంటే నిన్ను కాదన్నదని అనుకోకు. ఎత్తైన పీట మీద కూర్చున్నవాళ్లు తుమ్మడానికి కూడా ఆలోచించాలి. ఆమెకి ఆఫీసులో పని చెడిన రోజు ఉంటుంది, అమ్మతో పోట్లాడిన రోజు ఉంటుంది, తల దువ్వుకోని రోజు ఉంటుంది. ఆ రోజున నువ్వు ఎలా చూస్తావో అని భయం. మా స్వామికైతే ఆ బాధ లేదు, పొద్దున్న నిర్మాల్యం తీసేటప్పుడు వాడిన పూలతో ఉన్న లింగాన్ని రోజూ మేమే చూస్తాం. అర్చకుడు అలంకారం లేని దేవుణ్ని ఎరిగినవాడు. దర్శనానికి వచ్చినవాళ్లకి తెర తీశాకే కనబడతాడు. నువ్వు మూడేళ్ల నుంచీ తెర తీశాక చూస్తున్నావేమో.

కలిసినప్పుడు క్షమాపణ అంటూ మళ్లీ పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టకు. "ఆ రోజు అన్నది నీకు బరువుగా అనిపించింది కదా, నీకు ఏది తేలికగా ఉంటుందో చెప్పు" అని అడుగు, అడిగాక నోరు మూసుకో. ఆమె పెద్ద విషయం చెప్పకపోవచ్చు. బస్సులో ఉన్నప్పుడు ఫోన్ చెయ్యకు అనొచ్చు, వంకాయ కూర నాకు పడదు, నాలుగుసార్లు చెప్పాను అనొచ్చు. రాసుకో, మర్చిపోతావు. ఆమె ఏమందో వీలుంటే రాయి. సాయంత్రం అర్చన అయ్యాక ఏడున్నరకి గుడి తలుపులు వేసి వచ్చి చూస్తాను.